మటాష్ బాబాయి, సగం జోలపాట

మా గోడౌన్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఓనరు దగ్గర్నుంచి లారీ డ్రైవరు దాకా అందరికీ ఆయన మటాష్ బాబాయే. ఆఫీసులవాళ్లు పాత కంప్యూటర్లు తెచ్చి దించి, "వీటిలో మా కస్టమర్ల వివరాలన్నీ ఉన్నాయి, జాగ్రత్త" అని ఒకటికి పదిసార్లు చెబుతారు. బాబాయి అన్నిసార్లూ ఓపిగ్గా విని, గ్రైండరు వైపు చెయ్యి చూపించి, "దాంట్లోకి వెళ్లిందంటే మటాష్ సార్. ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా మళ్లీ రాదు" అనేవాడు. అది వినగానే వాళ్ల మొహాలు తేటపడేవి. ఆ మాటే ఆయనకు పేరుగా స్థిరపడిపోయింది.

నాది స్క్రూలు విప్పే పని. పాత కంప్యూటరు విప్పి బోర్డులు ఒక డబ్బాలో, వైర్లు ఒక డబ్బాలో, ఇనుప రేకులు ఒక మూల వేస్తాను. కొన్ని కరిగించే కంపెనీకి పోతాయి. కొన్నిటిని బాగుచేసి మళ్లీ అమ్ముతారు. డిస్కు మాత్రం బాబాయి చేతికే రావాలి. కంప్యూటరు గుర్తుపెట్టుకున్నదంతా అరచేతిలో ఇమిడే ఆ చిన్న డబ్బాలోనే ఉంటుంది మరి. గ్రైండరు నోట్లో వేస్తే అది రాళ్లు నమిలినట్టు చప్పుడు చేసి, కింద తొట్టెలోకి గోరంత ముక్కలు రాలుస్తుంది.

గ్రైండరు చుట్టూ నేలమీద పసుపు గీత ఉంటుంది. గీత దాటేముందు ఎవరైనా సరే జేబులు ఖాళీ చేసి, బయట బల్లమీది ట్రేలో అన్నీ పెట్టాలి. సరుకు పంపిన ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చి, చివరి డిస్కు ముక్కలయ్యేదాకా నిలబడి చూడాలి. డిస్కులో ఏముందో చూడటం మాత్రం మా దగ్గర మహాపాపం. రూల్సు పెట్టింది ఓనరే అయినా కాపలా కాసింది బాబాయి. ఒకసారి ఓనరు ఫోను జేబులో పెట్టుకుని గీత దాటబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఓనర్ని నేనా, నువ్వా?" అన్నాడాయన. "మీరే సార్. కానీ ఆ సంగతి గీతకు తెలీదు" అన్నాడు బాబాయి. మేము నవ్వు ఆపుకోలేక టీ గ్లాసులు కిందపెట్టేశాం.

ఆయనకు ఆ పట్టుదల ఊరికే రాలేదు. అంతకుముందు ఒక పాత ఇనుము కొట్టులో పనిచేసేవాడు. ఎవరో డాక్టరు క్లినిక్ మూసేసి కంప్యూటరు తూకానికి వేస్తే, కొట్టులోవాళ్లు దాన్ని తెరిచి ఎవరికి ఏ జబ్బుందో పైకి చదువుతూ పగలబడి నవ్వారట. ఆ పేర్లలో ఒకావిడ బాబాయి ఇంటి పక్కావిడే. వారం తిరక్కుండా వీధంతా పాకింది. ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. "నేను నవ్వలేదమ్మడూ, కానీ నోరు మూయించనూ లేదు" అని నాతో చాలాసార్లు అన్నాడు. అందుకే దేనికైనా కాపీ అంటే ఆయనకు ఒళ్లు మండేది. "ఒక్కచోట ఉంటే మనది, రెండుచోట్ల ఉంటే ఊరిది" అనేవాడు. అప్పట్లో ఆ మాట నాకు ఎంతో గొప్పగా వినిపించింది. ఇప్పుడు తల్చుకుంటే పళ్లు నూరుకోవాలనిపిస్తుంది.

ఇక పిన్ని సంగతి. బాబాయి ఎంత పొదుపుగా మాట్లాడతాడో పిన్ని అంత దుబారా. వీధివైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. మిషను ఆగినా ఆవిడ నోరు ఆగేది కాదు. సందు చివర మలుపు తిరిగేసరికే ఆవిడ గొంతు మనకు ఎదురొచ్చేది. చెప్పిన రోజుకి బట్టలు ఇవ్వకపోయినా ఎవరూ పోట్లాడేవాళ్లు కాదు. పోట్లాటకు వచ్చినవాళ్లు కబుర్లలో పడి, వచ్చిన పని మరిచి వెళ్లిపోయేవాళ్లు.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. మొదట జలుబనుకున్నారు, తర్వాత దుమ్మనుకున్నారు. చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరు, మాట పుట్టే భాగం పూర్తిగా తీసేస్తేనే మనిషి దక్కుతుందని చెప్పేశాడు. ఊపిరి మెడ దగ్గర పెట్టే రంధ్రంలోంచి వస్తుంది, మాట ఇక రాదు. పిన్ని అంతా విని, "పోనీలెండి డాక్టరుగారూ, ఈయన చెవులకు రిటైర్మెంటు వచ్చింది" అందట. బాబాయి ఆసుపత్రి మెట్లమీద కూర్చుని ఏడ్చాడు. ఆవిడ పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్లకు దారి ఇప్పించింది.

ఆపరేషనుకు కొన్నాళ్లు టైముంది. ఆసుపత్రిలోనే ఎవరో చెప్పారు, ఉన్న గొంతును ముందే రికార్డు చేసి పెట్టుకుంటే తర్వాత మీటలు నొక్కి ఆ మాటలే వినిపించుకోవచ్చని. బాబాయి గోడౌన్‌లో బాగుచేసి అమ్మే కంప్యూటరు ఒకటి కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లాడు. కొత్త డిస్కు వేశాడు. మైకు బిగించడానికి నేనూ వెళ్లాను.

పిన్ని మిషను ముందు కూర్చున్నట్టే మైకు ముందు కూర్చుంది. "మంచినీళ్లు కావాలి." "తలుపు వేసుకో." "ఏమయ్యా, ఎక్కడ చచ్చావ్?" ఈ మూడోదాన్ని నాలుగు రకాలుగా చెప్పింది, మామూలు కోపానికి ఒకటి, పండక్కి దాచుకున్నట్టు పెద్ద కోపానికి ఒకటి. ఉత్త నవ్వు కూడా ఒకటి రికార్డు చేయించుకుంది. బాబాయి తలుపు దగ్గర నిలబడి గోడను చూస్తూ ఉండిపోయాడు.

చివర్లో జోలపాట మిగిలింది. వాళ్ల కూతురు అప్పుడు ఐదో నెల కడుపుతో ఉంది. కూతురు పసిదిగా ఉన్నప్పుడు పిన్ని తనే కట్టుకున్న పాట అది.

"చీమ పడుకుంది, చిలక పడుకుంది,
చెప్పులు విప్పుకుని దారి పడుకుంది..."

ఆ ముక్క ఆ ఇంట్లో అందరికీ వచ్చు. పిన్ని నాతో, "ఈ పాట చివరిదాకా విన్న మనిషి ఇంతవరకూ భూమ్మీద లేడు. దారి పడుకునే వేళకి పిల్ల పడుకునేది, పిల్ల పక్కనే ఈయన గుర్రు పెట్టేవాడు. మిగతాది నేను గోడలకు పాడుకునేదాన్ని" అంది. ఇద్దరం పడి పడి నవ్వాం. తర్వాత నన్నూ బాబాయినీ గదిలోంచి తరిమేసింది. "మీరుంటే నాకు నవ్వొస్తుంది, పొండి." తలుపు వేసుకుని పాడుకుంది. బయటికొచ్చాక మొహం కడుక్కుని, "ఇది మాత్రం ఇప్పుడెవరూ వినకూడదు. బుజ్జిది పుట్టాక దాంతోపాటే వినాలి. చివరిదాకా మేలుకుని ఉంటేనే వినిపిస్తాను" అంది.

"బాబాయ్, ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా ఎక్కించి ఇవ్వనా?" అన్నాను నేను. అత్తారింట్లో ఉన్న కూతురు కూడా తన ఫోనులో పెట్టుకుంటానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది నా పెళ్లాం గొంతు. ఫోనుల్లో పడి ఊరంతా తిరగడానికి కాదు. ఒక్కచోట ఉంటే మనది." నేను వాదించాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆపరేషను జరిగింది. పిన్ని ఇంటికొచ్చింది, మెడకు తెల్లగుడ్డ, చేతిలో పలక. చెప్పాల్సింది పలకమీద రాసేది, బాబాయిని పిలవాల్సివస్తే మాత్రం మీట నొక్కేది. "ఏమయ్యా, ఎక్కడ చచ్చావ్?" అని కంప్యూటరు అరిచేది. ఆయన ఏ గదిలో ఉన్నా, "వస్తున్నానే" అంటూ పరిగెత్తుకొచ్చేవాడు. పక్కింటివాళ్లు మొదట్లో భయపడ్డారు, తర్వాత అలవాటు పడ్డారు. ఆ ఇంట్లో మళ్లీ సందడి వచ్చింది. నెలలు నిండిన కూతురు పుట్టింటికి చేరింది.

అప్పుడే కంప్యూటరు వెలగడం మానేసింది. కరెంటు అందించే డబ్బా కాలిపోయింది, అంతే. డిస్కుకు ఏమీ కాలేదు. అలాంటి డబ్బాలు మా గోడౌన్‌లో గుట్టలుగా ఉంటాయి. శనివారం పొద్దున్న బాబాయి కంప్యూటరు సంచిలో పెట్టుకుని వచ్చాడు. గీత లోపలికి తేలేదు, షట్టరు దగ్గర బయట బల్లమీదే పెట్టుకున్నాడు. ముందు డిస్కు ఊడదీసి, రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. "పెట్టె పాడైతే పెట్టె దొరుకుతుంది" అన్నాడు నాతో.

ఇంతలో లారీ వచ్చింది. ఒక ఫైనాన్సు ఆఫీసు సరుకు. వాళ్ల మనుషులు డిస్కులు ముందే పీకి అట్టపెట్టెల్లో వేసి, ఖాళీ కంప్యూటర్లతోపాటు పంపారు. సగానికి సగం స్టిక్కర్లు ఊడిపోయి ఉన్నాయి. అందుకని నంబర్లు చూడకుండా ఎన్ని డిస్కులో లెక్కపెట్టి ఒప్పుకోవాలని, చూడటానికి వచ్చిన వాళ్ల ఆఫీసరు, మా ఓనరు మాట్లాడుకున్నారు. బాబాయికి అది నచ్చలేదు. కానీ ఆఫీసరు తొందరలో ఉన్నాడు, ఓనరు ఆఫీసరుకన్నా తొందరలో ఉన్నాడు. బాబాయి గీత దగ్గర జేబులు ఖాళీ చేశాడు. తాళాలు, ఫోను, కళ్లజోడు డబ్బా, రుమాలు మూట, అన్నీ ట్రేలో పెట్టి లోపలికి నడిచాడు. అంతా పద్ధతిగానే చేశాడు, అదే నా బాధ.

పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఆఫీసరు రాసుకొచ్చిన లెక్కకు ఒకటి తక్కువ వచ్చింది.

మళ్లీ వెతికారు, పెట్టెలు తిరగేశారు, లారీ ఊడ్చారు. ఆఫీసరు గొంతు పెరిగింది. "లోపల నిలబడింది ఒక్క మనిషి. ఏమైందో ఆయన్నే అడగండి" అన్నాడు. దొంగ అనే మాట ఒక్కటే అనలేదు. బాబాయి మొహం పాలిపోయింది. అన్నేళ్ల సర్వీసులో ఆయన్ని అలా చూసినవాళ్లు లేరు. చొక్కా విప్పి దులిపి చూపించాడు. ఓనరు అడ్డుపడి ఒక్క మాటైనా అంటాడేమోనని నేను చూశాను. ఆయన ఫోను చూసుకుంటున్నాడు.

అక్కణ్నుంచి జరిగింది నేను తర్వాతెప్పుడో కెమెరాలో చూశాను. గీతపైన కెమెరా ఉంటుంది, దానికి బొమ్మే తప్ప మాట లేదు. బాబాయి చెమటలు కక్కుతూ బల్ల దగ్గరికి వస్తాడు. ట్రేలోంచి రుమాలు లాగి మొహం తుడుచుకుని మెడమీద వేసుకుంటాడు. చూపంతా ఆఫీసరు మీదే. రుమాల్లోంచి డిస్కు జారి బల్లమీద పడుతుంది, ఆయన చూడడు. మళ్లీ లారీ దగ్గరికి వెళ్తాడు. మోకాళ్లమీద కూర్చుని చక్రాల కింద చూస్తాడు. తిరిగి వస్తూ బల్లవైపు తల తిప్పుతాడు. గీత బయట, బల్ల అంచున, ఒంటరిగా ఒక డిస్కు.

ఆయన ఆ క్షణంలో అరిచిన అరుపు మాత్రం నా చెవులతో నేను విన్నాను. అప్పటికి నేను వెనక పక్కకు వెళ్లి స్క్రూలు విప్పుతున్నాను. "దొరికింది సార్! దొరికింది!" ఆ గొంతులో ఎంత సంతోషముందో చెప్పలేను. బాబాయి అంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. దాన్ని రెండు చేతులతో పైకెత్తి ఆఫీసరుకు చూపించి, గ్రైండరులో వేశాడు. రాళ్లు నమిలినట్టు చప్పుడైంది. లెక్క సరిపోయింది. ఆఫీసరు సంతకం పెట్టి, బాబాయి భుజం తట్టి, "ఏమీ అనుకోకండి పెద్దాయనా" అన్నాడు. ఓనరు అందరికీ టీ చెప్పాడు. బాబాయి తన టీ తాగాడు.

సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు బల్ల దగ్గరికి వెళ్లి కంప్యూటరుకు కొత్త డబ్బా బిగించాడు. తర్వాత ట్రే చూశాడు. "అమ్మడూ, నా రుమాలు చూశావా? దాంట్లో..." అన్నాడు.

"మెడమీదే ఉంది కదా బాబాయ్" అన్నాను.

ఆయన చెయ్యి మెడమీదికి వెళ్లింది. రుమాలు తీసి విప్పాడు. ఉత్త గుడ్డ. ఆయన ఆ గుడ్డను చూశాడు, బల్లను చూశాడు, నెమ్మదిగా గ్రైండరు వైపు చూశాడు. మనిషి ముందు కళ్లలో చచ్చిపోయి, తర్వాత ఒంట్లో చచ్చిపోతాడని నాకు అప్పుడు తెలిసింది. తొట్టె దగ్గరికి వెళ్లి ముక్కల్లో మోచేతులదాకా చేతులు పెట్టాడు. నేను ఆపలేదు. వేళ్లనుంచి రక్తం వచ్చాక తనే తీసేశాడు. "బ్రహ్మదేవుడు వచ్చినా రాదమ్మడూ" అన్నాడు. ఆ మాట అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో, అన్నిసార్లూ నవ్వాను.

వాళ్ల పోయిన డిస్కు, ఖాళీ కంప్యూటర్లు విప్పి వెతికితే అరగంటలో నాకే దొరికింది. కంప్యూటర్లలోంచి డిస్కులన్నీ పీకేశామని చెప్పినవాళ్లు, ఒకదాని అడుగు అరలో ఒకటి మరిచిపోయారు. నేను రేకు విప్పగానే తళతళలాడుతూ కనిపించింది. దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. బాబాయి నా చేతిలోంచి తీసుకుని, కవర్లో పెట్టి అంటించి, ఓనరుకు ఇచ్చాడు. "వాళ్లది. సోమవారం పిలిపించండి. చూస్తుండగా వేద్దాం" అన్నాడు. సోమవారం ఆఫీసరు వచ్చాడు, బాబాయే వేశాడు. "మరి మొన్న వేసింది ఏంటి?" అన్నాడు ఆఫీసరు. "నాది సార్" అన్నాడు బాబాయి. "హమ్మయ్య, మీదైతే మాకేం ఇబ్బంది లేదు" అని నవ్వి వెళ్లిపోయాడు ఆ మహానుభావుడు. వాడి నవ్వు మండిపోను.

కానీ దానికి ముందు ఆ శనివారం సాయంత్రం ఉంది. ఆయన్ని ఒంటరిగా పంపడానికి నాకు మనసు రాలేదు, వెంట వెళ్లాను. పిన్ని గుమ్మంలోనే ఉంది. సంచి అందుకుని, తనే కంప్యూటరు బల్లమీద పెట్టి, వైరు తగిలించి, మీట నొక్కింది. దీపం వెలిగింది. తెర నల్లగానే ఉంది. మళ్లీ నొక్కింది. "ఏమయ్యా" మీట నొక్కింది. బాబాయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పిన్ని ఆయన కట్టుకట్టిన వేళ్లు చూసింది, మొహం చూసింది. పలక తీసుకుని ఒక్క మాట రాసి తిప్పింది. "మటాషా?"

ఆయన తల ఊపాడు. ఆవిడ నవ్వబోయింది, నిజంగానే నవ్వబోయింది, భుజాలు కదిలాయి. ఆ కదలిక ఎప్పుడు ఏడుపైపోయిందో నాకు తెలియలేదు. చప్పుడు లేని ఏడుపు చూడటం అంత కష్టమని నాకు తెలియదు. మెడ దగ్గర తెల్లగుడ్డ మాత్రం ఎగిరెగిరి పడింది. బాబాయి ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి, "కొట్టవే, నన్ను కొట్టు" అన్నాడు. ఆవిడ కొట్టలేదు. ఆయన తలమీద చెయ్యి వేసి, రెండో చేత్తో పలక తుడిచి, కూతురు వింటుందేమోనని వేలు పెదవులమీద పెట్టుకుంది.

ఇప్పుడు మనవరాలికి మూడో నెల. మొన్న మధ్యాహ్నం చూడ్డానికి వెళ్లాను. పాప పిన్ని ఒళ్లో ఉంది, నిద్రకు పేచీ పెడుతోంది. బాబాయి కింద కూర్చుని పాడుతున్నాడు. ఆయన గొంతు పాటకు పుట్టింది కాదు. కూతురు సాయం పడుతోంది.

"చీమ పడుకుంది, చిలక పడుకుంది,
చెప్పులు విప్పుకుని దారి పడుకుంది..."

అక్కడ ఇద్దరూ ఆగిపోయారు. "ఇక్కడిదాకే తెలుసక్కా" అంది కూతురు నాతో. "తర్వాతది నేనెప్పుడూ వినలేదు. నిద్రపోయేదాన్ని." గోడకు పలక ఆనించి ఉంది. మిగిలిన మాటలు పిన్ని దానిమీద రాసి పెట్టింది: "అన్నీ పడుకున్నా అమ్మ మేలుకుంది, నీ కలకు కాపలా కూర్చుంది." దాని కింద చిన్న అక్షరాలతో, "ఇక్కడ రాగం మారుతుంది" అని ఉంది. మాట రాయగలదు, రాగం ఎలా రాస్తుంది? బాబాయి ఒక రాగంలో అని చూశాడు. పిన్ని తల అడ్డంగా ఊపింది. ఇంకోలా అన్నాడు. అదీ కాదంది. కూతురు ప్రయత్నించింది, పిన్ని కళ్లు దించుకుంది. చెయ్యి గాలిలో పైకి తీసుకెళ్లి, మెల్లగా కిందికి దించి చూపించింది. ఆ చెయ్యి ఎక్కడ దిగిందో చూశాం గానీ మాకేమీ వినిపించలేదు.

పాప పడుకోలేదు. పాట ఆగిందని తెలిసినట్టు ఏడుపు మాని, తల పైకెత్తి అమ్మమ్మ మొహం చూసింది. ఆ ఇంట్లో సగం దాటాక కూడా మేలుకుని ఉన్న మొదటి మనిషి అదే. పిన్ని దాని కళ్లలోకి చూస్తూ పెదవులు కదిపి పాడటం మొదలుపెట్టింది, చేత్తో వీపుమీద తాళం వేస్తూ. బాబాయి మోకాళ్లమీద దగ్గరికి జరిగి, ఆ పెదవుల దగ్గర చెవి పెట్టాడు. ఊపిరి కూడా అటునుంచి రాదని ఆయనకు తెలుసు. అయినా పాట అయిపోయేదాకా తల తీయలేదు.